మోకాళ్ళ నొప్పులు – గ్రామ పంచాయతీల కర్తవ్యము

భారతదేశము స్వాతంత్ర్యము పొందిన నాటికి మన ప్రజల సగటు ఆయుర్దాయము సుమారు 32 సంవత్సరములు. నేడది 70 సంవత్సరములకు చేరినది. మశూచి అంతరించినది. కలరా, మలేరియాల వలని మరణములు మిక్కిలి తగ్గినవి. అరువది, డెబ్బది ఏండ్లు దాటినవారు నేడు ప్రతి వాడలోను కనిపించుచున్నారు. ఇది ఎల్లరును సంతోషింపదగిన విషయము. అయితే ఆయుష్షు పెరిగినంత మాత్రమున చాలదు. పెరిగిన ఆ యేండ్లలో మనిషి తన కాళ్ళపై తాను నిలిచి, తన పని తాను చేసికొనగలుగవలెను. అట్లు చేసికొననీయకుండ అడ్డుపడు వ్యాధులలో మోకాలి కీలు అరుగుదల ముఖ్యమైనది. వైద్యులు దీనిని ఆస్టియో ఆర్థ్రయిటిస్ అని పిలుతురు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారము 2019లో ప్రపంచమంతట సుమారు 52 కోట్ల 80 లక్షల మంది ఈ వ్యాధితో బాధపడుచుండిరి. వారిలో నూటికి 60 మంది స్త్రీలు. నూటికి 73 మంది 55 ఏండ్లు దాటినవారు. అన్ని కీళ్ళలోను మోకాలికే ఈ బాధ ఎక్కువ. మన దేశమున ఐదు ప్రాంతములలో 40 ఏండ్లు దాటినవారిని పరీక్షించి 2016లో ప్రకటించిన ఫలితములలో నూటికి 28 మందికి పైగా మోకాలి అరుగుదల ఉన్నట్లు తేలినది.

ఇది వైద్యులకు సంబంధించిన విషయము గదా, పంచాయతీ సభ్యులకు దీనితో నేమి పని యని కొందరు తలపవచ్చును. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు 2016 అక్టోబరులో ప్రధానముగా ఎనిమిది జిల్లాలుగా ఏర్పడినవి. ఆ ప్రాంతపు గ్రామములను గమనించినచో ఆ సంబంధము తెలియగలదు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు అనేక కుటుంబములలో కొడుకులు గల్ఫ్ దేశములలోనో, హైదరాబాదులోనో పనిచేయుచుందురు. ఇంటివద్ద వ్యవసాయము, పశువులు, మనుమల పోషణ అన్నియు వృద్ధ దంపతుల మీదనే పడును. అట్టి ఇంటిలో ఒక వృద్ధురాలి మోకాలు పనిచేయకున్నచో ఆమె కూలి పోవుటయే గాక, ఆమెను చూచుకొనుటకు కోడలు కూడ కూలి మానవలసి వచ్చును. దాని వెనుక ఇంజక్షన్ల ఖర్చు, ఆ పిమ్మట అప్పు వచ్చును. మంచినీరు, మరుగుదొడ్లు, వీధులు, కూర్చుండు తావులు మున్నగునవన్నియు పంచాయతీ చేతిలోనివి. మోకాలి యారోగ్యమునకును వీనికిని దగ్గరి సంబంధము కలదు.

కీలు ఎట్లు పనిచేయును?

తొడ యెముకయు, కాలి యెముకయు కలియు చోటు మోకాలు. ముందువైపున చిప్ప యుండును. ఎముకల కొనలను కప్పుచు నున్నని తెల్లని పొర యొకటి కలదు. శాస్త్రజ్ఞులు దానిని మృదులాస్థి యందురు. మన గ్రామములలో దానినే గుజ్జు అని వ్యవహరింతురు. ఎముక ఎముకతో రాచుకొనకుండ కాపాడునది ఈ పొరయే. కీలు చుట్టును ఒక సంచి వంటి పొర యుండి, అందులో గ్రుడ్డు తెల్లసొన వంటి జిగట ద్రవము కొలదిగా ఉండును. బండి యిరుసునకు కందెన యెట్టిదో కీలునకు ఈ ద్రవము అట్టిది.

ఇక్కడ గుర్తుంచుకొనవలసిన విషయ మొకటి కలదు. శరీరములోని ఇతర భాగములకు వలె ఈ గుజ్జునకు రక్తనాళములు లేవు. మనిషి నడచునపుడు, కాలు ముడిచి చాచునపుడు గుజ్జు ఒత్తిడికి అణగి మరల వదులగును. అట్లు వదులైనపుడు చుట్టునున్న ద్రవము నుండి తన ఆహారమును పీల్చుకొనును. తడిగుడ్డను పిండి నీటిలో వదలినచో అది నీటిని పీల్చుకొనునట్లే యని భావింపవచ్చును. కావున కదలికయే కీలునకు అన్నము. నొప్పి యున్నదని నెలల తరబడి మంచము పట్టినవారి కీలు విశ్రాంతి వలన బాగుపడదు. ఆకలికి గురియై మరింత చెడును.

వయసుతోపాటు గుజ్జు తన్ను తాను మరమ్మతు చేసికొను శక్తి తగ్గును. మితిమీరిన భారము, పాత దెబ్బ, కండరముల బలహీనత దీనికి తోడైనచో పొర పలుచబడి, అక్కడక్కడ చిట్లును. ఎముక అంచులయందు కొత్త మొలకలు పుట్టును. లోపలి పొర వాచి నీరు చేరును. నొప్పికి భయపడి నడక తగ్గించుటచే తొడ కండరము సన్నగిల్లును. కండరము సన్నగిల్లగా భారమంతయు నేరుగా కీలుమీదనే పడును. ఈ విధముగా ఒక బాధ మరియొక బాధను పుట్టించుచు వ్యాధి ముదురును. ఈ గొలుసును తెంచుటకు అందరికిని అందుబాటులో నున్న తావు తొడ కండరమే. దానిని ఏ వయసునందైనను బలపరుపవచ్చును.

గుర్తించు విధము

కూర్చుండి లేచునపుడు, మెట్లు దిగునపుడు నొప్పి, ప్రొద్దున లేచిన పిమ్మట కొలది నిమిషములు కాళ్ళు బిగిసినట్లుండుట, ముడిచినపుడు కరకరమను చప్పుడు, సాయంకాలమునకు వాపు – ఇవి తొలి లక్షణములు. ముదిరిన పిమ్మట కాళ్ళు విల్లువలె బయటికి వంగును. నొప్పి లేకుండ వట్టి చప్పుడు మాత్రమే యున్నచో భయపడవలసిన పని లేదు.

ఎక్స్‌రే తీయించిన పిమ్మట చీటీలో రెండవ గ్రేడు, మూడవ గ్రేడు అని వ్రాసియుండుట పలువురు చూచియుందురు. కెల్‌గ్రెన్, లారెన్స్ అను ఇద్దరు వైద్యులు 1957లో ఇంగ్లండులో ఏర్పరచిన కొలమానమిది. సున్న నుండి నాలుగు వరకు గ్రేడులుండును. అయితే గ్రేడునకును నొప్పికిని ఎల్లప్పుడు పొంతన యుండదు. మూడవ గ్రేడు వ్రాసిన మనిషి పొలమునకు పోయి వచ్చుచుండవచ్చును. ఒకటవ గ్రేడు మనిషి మంచము దిగలేకపోవచ్చును. కావున చీటీ చూచి యెవరును ధైర్యము కోల్పోరాదు.

మోకాలి నొప్పి యంతయు అరుగుదల కాదు. ప్రొద్దున బిగువు గంటకు మించి యుండి, రెండు చేతుల వ్రేళ్ళ కణుపులు కూడ వాచినచో అది కీళ్ళవాతము కావచ్చును. దానికి వేరు చికిత్స కలదు. ఆలస్యము చేసినచో చేతులు వంకరపోవును. జ్వరముతో ఒక్కసారిగా అన్ని కీళ్ళు పట్టివేసినచో చికున్‌గున్యా యేమోయని చూడవలెను. ఒక్క కీలు ఎఱ్ఱబడి, వేడెక్కి, జ్వరము కూడ వచ్చినచో లోపల చీము పట్టియుండవచ్చును. అట్టివారిని ఆ దినముననే ఆసుపత్రికి చేర్పవలెను.

మరియొకటి ఫ్లోరైడు. నీటిలో ఫ్లోరైడు ఎక్కువైనచో ఎముకలు, వెన్ను, కీళ్ళు బిగిసిపోవును. నల్లగొండ జిల్లాలో ఈ నీటి వలన పిల్లల కాళ్ళు వంకరపోవుటను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో లోకమునకు తెలియజేసిరి. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము లోపల ఉండవలెననియు, వేరు నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాములకు మించరాదనియు మన దేశపు ప్రమాణము. ఒక వాడలో నడివయసువారికే అనేకులకు కీళ్ళు బిగిసిపోవుచున్నచో అది వయసు దోషమని ఊరకుండక, ఆ వాడ త్రాగునీటిని పరీక్షింపజేయవలెను.

కారణములు

మొదటిది వయసు. రెండవది స్త్రీ జన్మము. ముట్లుడిగిన పిమ్మట స్త్రీలలో ఈ వ్యాధి వేగముగా పెరుగును. ఈ రెండును మన చేతిలోనివి కావు. తక్కినవి కొంతవరకైనను మన చేతిలోనివే.

శరీర భారము వానిలో ముఖ్యమైనది. నడచునపుడు మోకాలిపై పడు ఒత్తిడి శరీరపు బరువునకు అనేక రెట్లుండును. ఒక కిలో బరువు తగ్గినచో ప్రతి యడుగునందును మోకాలిపై సుమారు నాలుగు కిలోల ఒత్తిడి తగ్గునని కొలిచి చూచిరి. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అను పట్టణ ప్రజల ఆరోగ్యమును 1948 నుండి పరిశీలించుచున్నారు. అక్కడ పది యేండ్లలో సుమారు ఐదు కిలోల బరువు తగ్గిన స్త్రీలలో మోకాలి వ్యాధి వచ్చు అవకాశము సగమునకు తగ్గినట్లు 1992లో ప్రకటించిరి. ఐదు కిలోలు గొప్ప బరువు కాదు. అరబస్తా సిమెంటులో ఐదవ వంతు మాత్రమే. అయితే దాని ఫలము గొప్పది.

మన పల్లెలలో కూలిపని చేయు వృద్ధులలో పలువురు బక్కచిక్కియే యుందురు. వారికి బరువు తగ్గుమని చెప్పుట సరికాదు. వారి కొరత కండ. అట్టివారికి పప్పు, గ్రుడ్డు, పాలు మున్నగు బలమైన ఆహారమును, కండరము పెంచు వ్యాయామమును అవసరము.

మూడవ కారణము పాత దెబ్బ. చిన్ననాడు ఆటలలోనో, మోటారు సైకిలు పడియో మోకాలి లోపలి తంతువులు తెగినచో ఇరువది యేండ్ల పిమ్మట అదే మోకాలు అరుగును. పసరు కట్టుతో సరిపెట్టుకొని, మోకాలు నిలువనీయకుండ జారుచున్నను పట్టించుకొననివారు ఈ సంగతి గ్రహింపవలెను.

మన ప్రాంతపు పనులు, మోకాళ్ళు

పై కారణములు లోకమంతటికిని సమానమైనవి. ఉత్తర తెలంగాణకు ప్రత్యేకమైనది ఇక్కడి పని.

రామగుండము, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతములలోని సింగరేణి భూగర్భ గనులలో వేలాది కార్మికులు జీవితకాలము పనిచేసిరి. ఒకప్పుడు కోల్ ఫిల్లర్లు తట్టలతో బొగ్గు మోసి టబ్బులు నింపిరి. తక్కువ ఎత్తు గల తావులలో మోకాళ్ళపై వంగి పనిచేసిరి. పైన పేర్కొన్న కెల్‌గ్రెన్, లారెన్స్ వైద్యులే 1952లో ఇంగ్లండు గని కార్మికుల ఎక్స్‌రేలు తీసి, కార్యాలయములలో పనిచేయువారి కంటె వారి మోకాళ్ళు ఎక్కువగా చెడియుండుట చూపిరి. భూగర్భ బొగ్గు గని కార్మికుల మోకాలి అరుగుదలను బ్రిటన్ 2009లో వృత్తి వ్యాధుల పట్టికలో చేర్చినది. పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల గ్రామములలో విశ్రాంత జీవితము గడుపుచున్న గని కార్మికులకు ఈ సంగతి తెలియవలెను. వారి నొప్పి కేవలము ముసలితనపు ఫలము కాదు. అది వారు చేసిన పనికిని సంబంధించినది.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతములలో వేలాది స్త్రీలు బీడీలు చుట్టుచున్నారు. ఆదిలాబాదు అడవుల తునికాకు వారి చేటలోనికి వచ్చును. చేట ఒడిలో పెట్టుకొని, కాళ్ళు మడచి, ప్రొద్దుటి నుండి సాయంకాలము వరకు లేవక కూర్చుందురు. లెక్క పూర్తియైన గాని కూలి రాదు గనుక లేచుటకు మనసొప్పదు. వారి మోకాలు దినమంతయు ఒకే తీరున ముడుచుకొని యుండును. తొడ కండరమునకు పని యుండదు. గుజ్జునకు ఆహారము అందదు.

వ్యవసాయమునందు కలుపు తీయుట గొంతుకూర్చుండి చేయు పని. పత్తి యేరుట, మూటలు మోయుట, పసుపు త్రవ్వుట, తునికాకు కట్టలు తలపై పెట్టుకొని కొండ దిగుట – ఇవన్నియు మోకాళ్ళపై భారము మోపునవే. చైనా రాజధాని బీజింగ్‌లో 60 ఏండ్లు దాటిన స్త్రీలను పరీక్షింపగా అమెరికా స్త్రీల కంటె వారిలో మోకాలి అరుగుదల ఎక్కువగా కనిపించినది. యౌవనమున దినమునకు మూడు గంటలకు మించి గొంతుకూర్చున్నవారిలో ఆ వ్యాధి హెచ్చుగా నుండెనని 2004లో ప్రకటించిరి. కొలదిసేపు గొంతుకూర్చుండుట ఆరోగ్యవంతునకు హాని చేయదు. గంటల తరబడి కదలక యుండుట హాని చేయును.

పని మానుకొనుమని యెవరును చెప్పలేరు. పని చేయు తీరును మాత్రము మార్చుకొనవచ్చును. బీడీ చుట్టువారు అరగంట కొకసారి లేచి పది యడుగులు నడచి, కాళ్ళు చాచి మరల కూర్చుండవలెను. వీలైనవారు చిన్న బల్లపై కూర్చుండి, కాళ్ళు ముందునకు చాచి, చేటను పలకపై పెట్టుకొనవచ్చును. కలుపు తీయువారు నేలపై గొంతుకూర్చుండుటకు మారుగా పొడి నేలలో చిన్న పీటను వాడవచ్చును. సాళ్ళలో వేసిన పైరునకు నిలువుగా నిలబడి నెట్టు కలుపు యంత్రము మేలు. వడ్ల బస్తాను ఒక్కరే లేవనెత్తక ఇద్దరు పట్టవలెను.

ప్రతి యింట చేయదగిన వ్యాయామము

తొడ కండరమును బలపరచుటకు పైకము అవసరము లేదు. మంచము చాలును.

మంచము అంచున కూర్చుండి ఒక కాలును నేరుగా చాచి, పాదమును తనవైపునకు వంచి, తొడను బిగించి, పది యంకెలు లెక్కించునంత సేపు నిలుపవలెను. పిమ్మట మెల్లగా దింపవలెను. ఒక్కొక్క కాలికి పదిసార్లు, ఉదయము, సాయంకాలము చేయవలెను. వెల్లకిల పండుకొని, మోకాలి క్రింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలితో దానిని క్రిందికి నొక్కి పట్టుట మరియొక విధము. నొప్పి తగ్గినకొలది చేతుల ఊత లేకుండ మంచము మీది నుండి లేచి కూర్చుండుటను అలవరచుకొనవలెను. వీనికి తోడు సమతలమైన నేలపై దినమునకు అరగంట నడక అవసరము. ఒకేసారి నడువలేనివారు పది నిమిషముల చొప్పున మూడు పర్యాయములు నడువవచ్చును.

చేయునపుడు కొద్దిపాటి నొప్పి సహజము. మరునాటికి తగ్గినచో హాని లేదు. మరునాడు వాపు పెరిగినచో లెక్క తగ్గించి చేయవలెను. ఫలము కనిపించుటకు ఆరు మొదలు ఎనిమిది వారములు పట్టును. నాలుగు దినములు చేసి మానివేసినవారే దీని వలన ఉపయోగము లేదని చెప్పుదురు.

చేతికఱ్ఱ పట్టుట నామోషీ కాదు. అయితే నొప్పి గల కాలు ఏ వైపున నున్నదో దానికి ఎదుటివైపు చేతితో కఱ్ఱను పట్టవలెను. మెట్లు ఎక్కునపుడు మంచి కాలును, దిగునపుడు నొప్పి కాలును ముందు వేయవలెను. కీలు వాచి వేడిగా నున్నపుడు చల్లని తడిగుడ్డ, బిగిసియున్నపుడు వేడి కాపడము హాయినిచ్చును.

మందులు, మోసములు

అరిగిన గుజ్జును మరల మొలిపించు మందు గాని, తైలము గాని, ఆహారము గాని నేటికిని లేదు. అట్టిది తమవద్ద కలదని సంతలో చెప్పువాని మాట నమ్మరాదు. తైలమర్దనము కొంత ఉపశమనము నిచ్చునే గాని కీలును బాగుచేయదు. రాగి, పాలు ఎముకకు బలము. అరిగిన పొరకు అవి మందు కావు.

మన గ్రామములలో ఎక్కువ కీడు చేయునవి నొప్పి బిళ్ళలు, శిక్షణ లేనివారు ఇచ్చు ఇంజక్షన్లు. నొప్పి బిళ్ళలు వైద్యుని సలహాపై కొలది దినములు వాడదగినవి. దుకాణమున కొని నెలల తరబడి మ్రింగినచో కడుపులో పుండు పడును, రక్తపు పోటు పెరుగును, మూత్రపిండములు చెడును. మోకాలి కొఱకు వాడిన బిళ్ళల వలన మూత్రపిండములు చెడినచో, కాలు నడచినను మనిషి డయాలసిస్ పాలగును.

కొన్ని పొడులలోను, ఇంజక్షన్లలోను స్టెరాయిడ్ అను మందును కలుపుదురు. మొదటి దినముననే నొప్పి మాయమగుటచే జనులు దానిని అమృతముగా నెంచుదురు. నెలల పిమ్మట ముఖము ఉబ్బును, చక్కెర వ్యాధి తలయెత్తును, ఎముకలు గుల్లబారును. శుభ్రత లేని సూది కీలులోనికి పోయినచో చీము పట్టును. స్టెరాయిడ్‌ను కీలులో ఇచ్చు విధానము వైద్యశాస్త్రములోనే కలదు. కాని దానిని ఎముకల వైద్యుడు, అరుదుగా, అవసరము చూచి ఇయ్యవలెను. ఒక్క సూదికే నొప్పి యంతయు పోయినదని యెవరైన చెప్పినపుడు, ఆ మందు పేరేమని అడుగుట పంచాయతీ సభ్యుని విధి.

అన్ని మార్గములు విఫలమై, రాత్రులు నిద్రపట్టనంత నొప్పి యున్నవారికి కీలు మార్పిడి శస్త్రచికిత్స కలదు. కృత్రిమ కీళ్ళలో నూటికి 80కి పైగా ఇరువదియైదేండ్లు పనిచేయునని 2019లో ప్రకటింపబడిన పరిశీలనలో తేలినది. అంతకు ముందు సగటున లక్షన్నర రూపాయలు దాటియుండిన సాధారణ కోబాల్టు క్రోమియం మోకాలి కీలునకు కేంద్రప్రభుత్వము 2017 ఆగస్టులో పన్ను గాక 54,720 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించినది. భూమి తాకట్టు పెట్టక ముందే, తమ కార్డుపై ఏ ఆసుపత్రిలో ఏ చికిత్స లభించునో ఆరోగ్యశ్రీ సహాయకేంద్రమున అడిగి తెలిసికొనవలెను.

ఎముకల వైద్యుని కొఱకు హైదరాబాదు, వరంగల్లు పోవలసిన దినములు మారినవి. ఆదిలాబాదులో 2008లో రిమ్స్ వైద్య కళాశాల ఏర్పడినది. రామగుండము, మంచిర్యాల, జగిత్యాలలో 2022లోను, కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాదులలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. ప్రతి వృద్ధుడును మొదట తన ఊరి ఉపకేంద్రమునకు, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోయి, అక్కడి నుండి చీటీతో ఈ ఆసుపత్రులకు పోవుట మేలు.

పంచాయతీ చేయదగిన పనులు

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము గ్రామసభ రెండు నెలల కొకసారి జరుగవలెను. రాబోవు సభలో ఈ క్రింది విషయములను చర్చకు పెట్టవచ్చును.

1. మరుగుదొడ్లు: ఇంటింట మరుగుదొడ్డి వచ్చినది గాని, మోకాలు వంగని వృద్ధులు దానిని వాడలేక మరల బయటికే పోవుచున్నారు. గోడకు ఒక ఇనుప కడ్డీ, తొట్టిపై పెట్టుకొను రంధ్రపు కుర్చీ యుండిన చాలును. పంచాయతీ, పాఠశాల, ఉపకేంద్రముల మరుగుదొడ్లలో ఒకదానినైనను ఎత్తైన ఆసనముతో కట్టింపవలెను.

2. కూర్చుండు తావులు: బస్సు ఆగుచోట, పింఛను ఇచ్చుచోట, చౌకధరల దుకాణము వద్ద వృద్ధులు గంటల తరబడి నేలపై కూర్చుండి లేవలేక బాధపడుదురు. మోకాలి ఎత్తున సిమెంటు బల్లలు వేయింపవలెను. మెట్లున్న చోట పట్టుకొను కడ్డీ, వీలైనచో వాలు బాట ఏర్పరుపవలెను.

3. నీరు: 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నల్లా నీరు ఇంటికి వచ్చుటచే బిందెలు మోయు భారము తగ్గినది. నల్లా పగిలి వారము దినములు నీరాగినచో ఆ బిందె మరల ముసలమ్మ నెత్తికే ఎక్కును. నల్లా మరమ్మతు మోకాలి రక్షణయే యని గ్రహింపవలెను. త్రాగుటకు బోరునీటిపై ఆధారపడిన వాడలలో ఫ్లోరైడు పరీక్ష జరిపింపవలెను.

4. నడక బాట: ప్రతి గ్రామమున ఏర్పరచిన పల్లె ప్రకృతి వనము చెట్లు చూచుటకే గాక నడచుటకును తగినది. అందులో గుంటలు లేని బాట, దీపములు, రెండు బల్లలు ఉన్నచో స్త్రీలు కూడ సాయంకాలము వెఱపు లేక నడువగలుగుదురు.

5. వ్యాయామ దినము: వారమున కొకనాడు ఉపకేంద్రపు ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్తల సాయముతో వృద్ధులను చేర్చి పై వ్యాయామములను నేర్పింపవలెను. మహిళా సంఘములు బీడీ చుట్టువారిని చేర్చగలవు. ఒంటరిగా మానివేయువారు గుంపులో మానరు.

6. ఉపాధి పనులు: మోకాలి నొప్పి గలవారికి గడ్డపార, తట్టల పనికి మారుగా నీరు పోయుట, నర్సరీలో సంచులు నింపుట వంటి పనులను అప్పగింపవచ్చును.

7. మందుల నిఘా: పేరులేని పొడులమ్మువారు గ్రామమునకు వచ్చినపుడు ఆ సంగతిని ప్రాథమిక ఆరోగ్యకేంద్ర వైద్యునికి తెలుపవలెను.

ఇందులో పెద్ద మొత్తము కోరునది ఏదియు లేదు. కొన్నిటికి సిమెంటు, కొన్నిటికి ఇనుప కడ్డీ, కొన్నిటికి తీర్మానము చాలును.

సభ్యులు తమ వార్డులో ఇంటింటికి పోయినపుడు అరువది దాటిన స్త్రీలను ప్రత్యేకముగా పలుకరింపవలెను. పురుషులు నొప్పిని చెప్పుకొందురు. స్త్రీలు దాచుకొందురు. "ముసలితనము గదా, అదే పోవును" అని వంటింటిలోనే ఉండిపోవుదురు. మంచము మీద కూర్చుండి కాలు చాచి పది యంకెలు లెక్కించుట వారికి చూపింపుడు. దానికి పట్టునది పది నిమిషములు. ఎనిమిది వారములు విడువక చేసినచో, వాకిలి దాటలేని అవ్వ మరల నల్లా దాకనో, గుడి దాకనో తన కాళ్ళపై నడచి పోవుటకు అవకాశము కలదు. ఒక వార్డులో అట్టివారు ఐదుగురు తిరిగి నడిచినను, ఆ ఐదిండ్ల బ్రతుకు తేలికపడును.